దుబాసి ఋణం

పిల్లలూ! ఋణం అంటే ఏమిటో మీకు తెలుసు. పక్కింటివారి దగ్గర గిద్దెడు నూనె బదులు తెచ్చుకుంటే, మళ్ళీ గిద్దెడు నూనె ఇచ్చేస్తాం. ఋణం తీరిపోతుంది. బాంకులో వెయ్యి రూపాయలు అప్పు తీసుకుంటే, వడ్డీతో సహా కట్టి రసీదు పుచ్చుకుంటాం. అదీ తీరిపోతుంది. కాని కొన్ని ఋణాలున్నాయి. వాటికి గిద్దె, సోల వంటి కొలతలు లేవు. రసీదులూ లేవు. అటువంటి ఒక ఋణాన్ని గురించి ఈ నెల మీకు చెబుతాను. అది యుద్ధానికి పోయిన సైనికుడు తన దుబాసికి పడిన ఋణం.

దుబాసి అంటే ఎవరు? ఒకరి భాష ఒకరికి తెలియని ఇద్దరి మధ్య నిలబడి, వీరి మాట వారికీ, వారి మాట వీరికీ తెలియజెప్పేవాడు. 'ద్విభాషి', అంటే రెండు భాషలు తెలిసినవాడు, అనే మాటే జనం నోళ్ళలో నలిగి నలిగి 'దుబాసి' అయింది.

అదేమంత కష్టం, రెండు భాషలు వస్తే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. మాది ఏర్పేడు. రేణిగుంటకూ శ్రీకాళహస్తికీ నడుమ ఉన్న ఊరు. దక్షిణంగా కొంత దూరం పోతే తమిళదేశం వస్తుంది. కనక మా ప్రాంతంలో చాలామందికి తెలుగుతోబాటు తమిళం కూడా చెవిని పడుతూనే ఉంటుంది. ఇప్పుడు ఏర్పేడు దగ్గర ఐ.ఐ.టి. కూడా వచ్చింది గనక, దేశంలోని అన్ని మూలల నుంచీ విద్యార్థులు వస్తున్నారు. అయితే ఒక చిన్న మాట చూడండి. తెలుగులో 'అవసరం' అంటే కావలసి ఉండటం. తమిళంలో అదే మాటకు తొందర అని అర్థం. తమిళం మాట్లాడే మామ ఒకడు, “ఎందుకంత అవసరం?” అని అడిగితే, “నీకు అదంతగా ఎందుకు కావలసివచ్చింది?” అని ఆయన అడుగుతున్నాడనుకుంటాం మనం. ఆయన అడిగింది “ఎందుకంత తొందర?” అని! మాట ఒకటే, అర్థాలు రెండు.

ఇంకొకటి చూడండి. “వాడు చేతులెత్తేశాడు” అంటాం. అంటే, ఇక నా వల్ల కాదు అన్నాడని. దీన్ని ఉన్నదున్నట్టుగా వేరే భాషలో చెబితే, ఒక సైనికుడికి ఏమని తోస్తుంది? శత్రువు ఆయుధాలు పడేసి లొంగిపోయాడని తోస్తుంది! సంతలో ఇట్లాంటి పొరపాటు జరిగితే అందరూ నవ్వుకుంటారు. యుద్ధంలో జరిగితే ప్రాణాలు పోతాయి. అందుచేత దుబాసి మాటను మోసుకుపోతే చాలదు, మాట వెనకనున్న మనస్సును కూడా మోసుకుపోవాలి.

పరాయి దేశానికి పోయిన సైనికుడి సంగతి ఆలోచించండి. అతని చేతిలో తుపాకి ఉంటుంది. కాని ఏ బాటలో పోతే క్షేమమో తుపాకి చెప్పదు. ఎదురుగా వస్తున్న ముసలివాడు ఏదో అరుస్తున్నాడు. అది తిట్టా? “అటు పోకండి, ప్రమాదం!” అన్న హెచ్చరికా? రోజూ పిల్లలు ఆడుకునే వీధిలో ఇవాళ ఒక్క పిల్లవాడూ లేడు. ఎందుచేత? ఇవన్నీ ఆ నేలలో పుట్టి పెరిగినవాడికే తెలుస్తాయి. సైనికుడికి దుబాసే చెవి, దుబాసే నోరు, ఒక్కొక్కప్పుడు దుబాసే కన్ను కూడా.

ఇప్పుడు ఒక నిజమైన కథ చెబుతాను. అఫ్ఘానిస్తాన్ మన దేశానికి వాయవ్యంగా ఉన్న కొండల దేశం. అక్కడ పష్తో, దరీ అనే రెండు భాషలు ముఖ్యమైనవి. 2001లో అమెరికా సైన్యం ఆ దేశంలో ప్రవేశించి, తాలిబన్లనే వారితో యుద్ధం మొదలుపెట్టింది. ఆ సైనికులకు అక్కడి భాషలు రావు. అందుచేత వేలాదిమంది అఫ్ఘాన్ యువకులను దుబాసీలుగా పెట్టుకున్నారు.

మాట్ జెల్లర్ అనే యువ సైనికాధికారి 2008లో గజనీ ప్రాంతానికి వచ్చాడు. గజనీ పేరు మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. జెల్లర్ అక్కడికి వచ్చి నెల కూడా కాలేదు. ఏప్రిల్ 28న అతని దళాన్ని తాలిబన్లు చుట్టుముట్టారు. కాల్పులు చాలాసేపు సాగినాయి. తూటాలు తరిగిపోతున్నాయి. ఒక గుండు వచ్చి పక్కనే పేలి, ఆ దెబ్బకు జెల్లర్ ఎగిరి పడ్డాడు. అతను ముందు వైపునకే చూస్తున్నాడు. వెనకనుంచి ఇద్దరు సాయుధులు తన మీదికి వస్తున్న సంగతి అతనికి తెలియదు.

ఆ సంగతి చూసినవాడు ఒక దుబాసి. అతని పేరు జానిస్ షిన్వారీ. అప్పటికి వాళ్ళిద్దరికీ గట్టి పరిచయం కూడా లేదు. దుబాసి పని మాట చెప్పటమే గాని, యుద్ధం చెయ్యటం కాదు. అయినా జానిస్ వెనుదీయలేదు. జెల్లర్ పక్కకు ఉరికి, ఆ ఇద్దరినీ కాల్చి, అతని ప్రాణం కాపాడాడు.

అంతటితో కథ అయిపోయిందనుకుంటున్నారా? ఋణం కథ అక్కడే మొదలయింది. దుబాసీలంటే తాలిబన్లకు మహా కోపం. “మన దేశంవాడై ఉండి పరాయివాళ్ళకు సాయం చేస్తాడా!” అని వాళ్ళను వెతికి చంపేవారు. జెల్లర్ తన నౌకరీ కాలం ముగించుకుని స్వదేశానికి పోగలిగాడు. జానిస్ ఎక్కడికి పోగలడు? అతని ఇల్లూ, భార్యా, బిడ్డలూ అందరూ అక్కడే. అతన్ని అమెరికాకు రప్పించుకుంటానని జెల్లర్ మాట ఇచ్చాడు.

మాట ఇవ్వటం తేలికే. అమెరికా ప్రభుత్వం ఇటువంటి దుబాసీల కోసం ప్రత్యేకమైన వీసాలు ఏర్పరచింది. కాని కాగితాలు ఒక బల్ల మీదినుంచి మరొక బల్ల మీదికి పోవటానికి ఏళ్ళు పట్టింది. 2013లో వీసా ఇచ్చినట్టే ఇచ్చి, మళ్ళీ రద్దు చేశారు కూడా. జానిస్ తన సామాను అమ్ముకుని ప్రయాణానికి సిద్ధంగా ఉన్న సమయమది! జెల్లర్ ఊరుకోలేదు. పత్రికలవారికి చెప్పాడు. శాసనసభ్యుల గడపలు తొక్కాడు. జనం చేత సంతకాలు చేయించాడు. చివరకు 2013 అక్టోబరులో జానిస్ భార్యాబిడ్డలతో అమెరికాలో విమానం దిగాడు.

జానిస్ కొత్త కాపురానికి పనికివస్తుందని జెల్లర్ చందాలు వసూలు చేశాడు. జానిస్ ఏమన్నాడో తెలుసా? ఆ డబ్బు తనకు వద్దనీ, తనలాగే చిక్కుకుపోయిన తక్కిన దుబాసీల కోసం వాడమనీ అన్నాడు. ఇద్దరూ కలిసి ఆ పని కోసమే ఒక సంఘం స్థాపించారు. 'ఎవరినీ వెనక విడిచిపెట్టం' అని అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. అయినా 2021 ఆగస్టు 15న కాబూలు నగరం తాలిబన్ల వశమైనప్పుడు, అటువంటి దుబాసీలు వేలమంది వెనకనే ఉండిపోయారు. ఒక సైనికుడు తన ఋణం తీర్చుకోవటానికి పాటుపడ్డాడు. కాని సైన్యం మొత్తం పడిన ఋణం పూర్తిగా తీరనే లేదు.

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. రెండువందల ఏళ్ళకు ముందు ఇటువంటి ఋణమే ఒక తెల్ల సైనికాధికారి మన తెలుగు యువకుడికి పడ్డాడు. ఆ యువకుడి పేరు కావలి వెంకట బోరయ్య. ఊరు ఏలూరు. 1776లో పుట్టాడు.

ఆ అధికారి పేరు కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు వాయవ్యంగా సముద్రంలో ఉన్న లూయిస్ దీవిలో 1754లో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి, సైన్యంలో చేరి, తరవాత ఇంజనీరు అయ్యాడు. సైన్యంలో ఇంజనీరంటే కోటల లెక్క తీసేవాడు, బాటలు వేసేవాడు, దేశపటాలు గీసేవాడు. మైసూరు యుద్ధంలోనూ, పుదుచ్చేరి ముట్టడిలోనూ, సింహళంలోనూ పనిచేశాడు. ఇన్ని చోట్ల తిరిగినా మన దేశాన్ని గురించి అతను తెలుసుకున్నది స్వల్పం. కారణం ఏమంటే, అతనికి మన భాషలు రావు.

1796లో అతను సింహళం నుంచి తిరిగివచ్చిన తరవాత బోరయ్య అతని దగ్గర చేరాడు. అప్పటికి బోరయ్యకు ఇరవై ఏళ్ళు. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు మొదలైన పలు భాషలు నేర్చినవాడు. అక్కడినుంచి మెకంజీకి ఒక తలుపు తెరుచుకున్నట్టయింది.

1799లో శ్రీరంగపట్నం ముట్టడి జరిగింది. మే 4న కోట పడిపోయింది. టిప్పు సుల్తాను పోరాడుతూ చనిపోయాడు. ఆ ముట్టడిలో మెకంజీ కూడా ఇంజనీరుగా ఉన్నాడు. యుద్ధం ముగిశాక కంపెనీవారు అతనికి ఒక పెద్ద పని అప్పగించారు. మైసూరు రాజ్యమంతా కొలిచి పటం గియ్యమన్నారు. సుమారు 40,000 చదరపు మైళ్ళ నేల! అడవులున్నాయి, కొండలున్నాయి, జ్వరాలున్నాయి. వీటికన్నా పెద్ద కష్టం మరొకటి ఉంది. అది జనం భయం.

మీరే ఊహించుకోండి. నిన్నటిదాకా యుద్ధం. ఇవాళ ఎర్రకోటు దొర ఒకడు గొలుసులూ దుర్భిణీ పట్టుకుని ఊళ్ళోకి వచ్చాడు. పొలాలు కొలుస్తున్నాడు. చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరు కట్టించారు అని అడుగుతున్నాడు. ఊరివాళ్ళు ఏమనుకుంటారు? “పన్ను పెంచటానికి వచ్చాడు, నోరు విప్పకండి” అనుకోరూ? కరణం తన కవిలెలు అటక మీద దాచేస్తాడు. గుడి పూజారి రాగిరేకులు చూపించడు.

అటువంటి చోట ముందుగా ఊళ్ళోకి పోయి మాట్లాడవలసినవాడు బోరయ్య. అతని పద్ధతి మెత్తన, మాట నెమ్మది. ఏ కులంవారైనా, ఏ మతంవారైనా అతనితో మాట్లాడటానికి జంకేవారు కాదు. పెద్దలు ఊరి చరిత్రలు చెప్పేవారు. వాటిని రాసుకునేవారు. అట్లా రాసుకున్న ఊరి వృత్తాంతాలకే కైఫీయత్తులని పేరు.

బోరయ్య మరొక గొప్ప పని కూడా చేశాడు. గుళ్ళల్లో రాతి మీద చెక్కిన పాత శాసనాలు మీరు చూసే ఉంటారు. అక్షరాలు మన అక్షరాల్లాగే కనిపిస్తాయి గాని చదవబోతే చదువురాదు. కాలం మారినకొద్దీ అక్షరాల రూపు మారింది. శ్రీరంగపట్నం పడిపోయిన రోజుల్లో మెకంజీ బృందంలో మామూలు కన్నడం తర్జుమా చేసేవాడే లేడు. మరి కొద్ది ఏళ్ళల్లో జనం మరచిపోయిన పాత లిపులను సైతం చదివే స్థితికి వచ్చారు. ఇందులో బోరయ్యది పెద్ద చెయ్యి. పాత కన్నడ శాసనాలను ఓపికగా చదివి, విప్పి చెప్పాడు.

ఇటువంటి పని ఎట్లా చేస్తారో చెబుతాను, వినండి. చాలా శాసనాలు 'స్వస్తి శ్రీ' అన్న మంగళ వాక్యంతో మొదలవుతాయి. మొదటి అక్షరాలు అవే అయి ఉంటాయని పట్టుకుంటే, మూడు నాలుగు అక్షరాల రూపం తెలిసిపోయినట్టే. తరవాత రాజుల బిరుదులు వస్తాయి. ఒకే రాజు బిరుదులు పది శాసనాల్లో పదిసార్లు వస్తాయి. ఒక రాతి మీద అరిగిపోయిన అక్షరం మరొక రాతి మీద స్పష్టంగా ఉంటుంది. ఇట్లా తెలిసిన అక్షరాన్ని పట్టుకుని తెలియని అక్షరానికి పోవాలి. మీరు లెక్కల్లో తెలిసిన దాన్నుంచి తెలియనిదాన్ని కనుక్కుంటారు చూడండి, అట్లాగే. అంటే దుబాసి పని బతికున్న ఇద్దరి మధ్యనే కాదు. ఎప్పుడో చనిపోయిన మనిషికీ, ఇవాళ ఉన్న మనకూ మధ్య కూడా దుబాసి కావాలి.

కాని బోరయ్య ఎక్కువ కాలం బతకలేదు. 1803లో, ముప్ఫై ఏళ్ళైనా నిండకుండానే చనిపోయాడు. ఏడేళ్ళు మాత్రమే పనిచేశాడు. అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకుని నడిపాడు. మరొక సోదరుడు రామస్వామి దక్షిణదేశపు కవుల చరిత్రలను 1829లో ఇంగ్లీషులో రాసి అచ్చువేశాడు. తన అన్న బోరయ్యకు కూడా అందులో చోటు ఇచ్చాడు.

బోరయ్య పోయిన పధ్నాలుగేళ్ళకు, 1817లో, మెకంజీ తన స్నేహితుడికి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. అప్పటికి అతను భారతదేశమంతటికీ సర్వేయర్ జనరల్ అయ్యాడు. పెద్ద పదవి, గొప్ప పేరు. ఇదంతా తన ప్రజ్ఞే అని రాసుకున్నా అడిగేవాడు లేడు. కాని అతను అట్లా రాయలేదు. తాను ఈ దేశంలో గడిపిన మొదటి పదమూడేళ్ళు ఈ విషయంలో లెక్కలోకి రావన్నాడు. తనకు ఈ దేశభాషలు రావని ఒప్పుకున్నాడు. భారతీయ విద్య అనే భవనపు వాకిట్లో తాను మొదటి అడుగు పెట్టింది బోరయ్య వల్లనే అనీ, అందుకు అతనికి ఋణపడి ఉన్నాననీ పేరు పెట్టి మరీ రాశాడు. అధికారులు తమ కింద పనిచేసిన దేశీయుల పేర్లు చెప్పటం అరుదైన ఆ రోజుల్లో, ఇది చిన్న సంగతి కాదు.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మద్రాసులో మెకంజీ బొమ్మ వేశాడు. ఆ బొమ్మలో మెకంజీ ఒంటరిగా లేడు. అతని చుట్టూ ముగ్గురు మనవాళ్ళున్నారు. ఒకడు దుర్భిణి పట్టుకున్న బంట్రోతు. తక్కిన ఇద్దరూ పండితులు. వారిలో ఒకరు మన లక్ష్మయ్య. బోరయ్య మాత్రం అందులో లేడు. అతను పోయి అప్పటికే పదమూడేళ్ళయింది.

మెకంజీ 1821 మే 8న కలకత్తా దగ్గర చనిపోయాడు. అతను పోగుచేయించినవన్నీ తరవాత లెక్కపెట్టి, 1828లో పట్టిక అచ్చువేశారు. 1,568 గ్రంథాలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణాలు తేలినాయి! తాటాకుల్లోనూ కాగితాల్లోనూ ఉన్న మన గ్రామాల కథలు చాలా మట్టుకు అట్లా మిగిలినాయి. ఆ తరవాత సి.పి. బ్రౌన్ దొర ఈ కైఫీయత్తులకు నకళ్ళు రాయించాడు.

మరి ఆ తరవాత ఏం జరిగింది? 1830లలో లక్ష్మయ్య, మధ్యలో నిలిచిపోయిన పనిని తాను కొనసాగిస్తాననీ, తనకు సహాయం చెయ్యమనీ దొరలను కోరుకున్నాడు. ఆ పని అతనికన్నా ఎక్కువగా తెలిసినవాడు మరొకడు లేడు. కాని, ఇంత పెద్ద పని స్వతంత్రంగా నడిపే శక్తి దేశీయుడికి చాలదని పెద్దలు తీర్మానించారు. ఆ కాగితాల పరిశీలన విలియం టేలర్ అనే పాదిరీగారి చేతికి పోయింది. చూశారా! మెకంజీ బతికి ఉన్నంతకాలం ఆ ఋణం అతనికి జ్ఞాపకం ఉంది. అతను పోయాక, ఋణపత్రం చదివేవాడు లేకపోయాడు.

మీలో తెలివైనవారు ఒక ప్రశ్న వెయ్యవచ్చు. “బోరయ్య కంపెనీవారికి పనిచేశాడు గదా, జానిస్ పరాయి సైన్యానికి పనిచేశాడు గదా, అది తప్పు కాదా?” అని. అడగవలసిన ప్రశ్నే. కంపెనీవారు పటాలు గీయించింది ఈ దేశాన్ని ఏలుకోవటానికే. అందులో సందేహం లేదు. దుబాసి బతుకులోని కష్టం కూడా అదే. ఇటువాళ్ళు అతన్ని “అటువాడు” అంటారు. అటువాళ్ళు “ఇటువాడు” అంటారు. ఇద్దరికీ అతను కావాలి, ఇద్దరికీ అతని మీద అనుమానమే. అయితే బోరయ్య వల్ల నిలిచినవి మన కథలు. అవి కంపెనీ పోయాక కూడా ఉన్నాయి, మనకు పనికివస్తున్నాయి. జానిస్ నిలిపింది ఒక మనిషి ప్రాణం. రాజ్యాలను తూచే తక్కెడతో వీటిని తూచటం కుదరదు.

మా ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం అనే ఊరుంది. అక్కడి పరశురామేశ్వరుడి గుడి చాలా పురాతనమైనది. దాని గోడల మీద పల్లవుల నాటివీ, బాణుల నాటివీ, చోళుల నాటివీ శాసనాలున్నాయి. అవి తమిళంలో ఉన్నాయి. తెలుగు మాత్రమే చదివిన పిల్లవాడికి ఒక్క ముక్క తెలియదు. ఈ కాలపు తమిళం చదివిన పిల్లవాడికీ పూర్తిగా తెలియదు. ఎవరో ఒకరు కూచుని, కళ్ళు నొప్పి పుట్టేదాకా చదివి చెప్పబట్టే, అవి ఏ రాజుల నాటివో ఇవాళ మనం చెప్పగలుగుతున్నాం. చదివి చెప్పినవారికి మనమూ ఋణపడ్డాం.

ఆ ఋణం తీర్చుకునే మార్గం ఒకటి ఉంది. మీరు మీ భాషను బాగా నేర్చుకోండి. దానితో బాటు పక్కవారి భాష ఒక్కటైనా నేర్చుకోండి. రైల్వే స్టేషనులో భాష తెలియక దిక్కులు చూసే ముసలమ్మ కనిపిస్తే, ఆమె మాట టికెట్టు గుమాస్తాకు మీరు చెప్పండి. మీకు ఎవరైనా అట్లా సాయం చేస్తే, వారి పేరు అడిగి తెలుసుకుని గుర్తుపెట్టుకోండి. మెకంజీ పదవి చాలా పెద్దది. అయినా తన ఉత్తరంలో బోరయ్య పేరు రాయటం మరిచిపోలేదు.